ఎర్రబట్టల సాక్షి నుంచి సర్వే గొలుసు దాకా

పొలిమేర మీద తగాదా వస్తే పూర్వం సాక్షులు నోటితో చెప్పి ఊరుకుంటే చాలేది కాదు, నడిచి చూపించాలి. ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు నలుగురో, ఎనమండుగురో, పదిమందో ఎర్రపూల దండలు వేసుకుని, ఎర్రబట్టలు కట్టుకుని, మట్టి మోస్తూ తగాదా పడ్డ నేల వెంట సాగాలి. వాళ్ల అడుగులు పడ్డచోటే హద్దు. యాజ్ఞవల్క్య స్మృతి చెప్పిన పద్ధతి ఇది. నడక అయిపోగానే తగవు తెగినట్టు కాదు. మరో స్మృతికర్త కాత్యాయనుడి లెక్కలో మూడు పక్షాలు, అంటే నెలన్నర ఆగాలి. ఆలోగా నడిచినవాళ్లకు రాజు వల్ల గానీ దైవం వల్ల గానీ కీడు మూడకపోతే వాళ్లు చూపిన హద్దే ఖాయం.

ఈ సాక్షులు ఎవరన్నది ఇంకా ఆసక్తికరం. పక్క ఊళ్లవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, పశువుల కాపరులు, హద్దును ఆనుకుని దున్నేవాళ్లు, అడవుల్లో తిరిగేవాళ్లు. రోజూ ఆ నేల మీద కాలు పెట్టేవాళ్లకే ఆ నేల సంగతి తెలుస్తుందని శాస్త్రకారులు గట్టిగా నమ్మారు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం మితాక్షర. దాన్ని 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ‘దశకుమార చరిత్రము’ రాసి తిక్కనకు అంకితమిచ్చిన కవి న్యాయశాస్త్రాన్నీ తెలుగు చేయడం చూస్తే, ఇలాంటి తగవులు తీర్చేవాళ్లలో సంస్కృతం రానివాళ్లు తక్కువేమీ కాదని అనిపిస్తుంది.

సాక్షి పోయినా హద్దు పోకూడదు కదా. అందుకు మనుస్మృతి రెండు రకాల గుర్తులు చెప్పింది. పైకి కనబడేవి చెట్లు: మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి. కనబడకుండా పాతిపెట్టేవి రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, కుండపెంకులు, ఎండుపేడ, ఇటుకలు, బొగ్గులు, ఇసుక. మట్టి తొందరగా తినేయలేనివి ఏరి మరీ చెప్పారు. చెట్టు నరికినవాడు నేల కింద బొగ్గుల సంగతి మరిచిపోతాడని ఆశ.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. రాజుగారి వంశం, పరాక్రమం సంస్కృతంలో సాగుతాయి. దానమిచ్చిన ఊరికి నాలుగు దిక్కులా ఎల్లలు చెప్పాల్సి వచ్చేసరికి చాలా శాసనాల్లో భాష తెలుగులోకి దిగుతుంది. ప్రశస్తి ఎవరికి అర్థమైనా కాకపోయినా, ఎల్ల మాత్రం ఆ ఊరి రైతుకు అర్థం కావాలి. రాగిరేకు మీద రాసిన హద్దును నేల మీద చూపించాల్సింది అతడే.

ఈస్టిండియా కంపెనీ పాలన మొదలయ్యాక ఈ తగవులు దొరల బల్ల మీదికి వచ్చాయి. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, 1814లో న్యాయ సంస్కరణల కమిషన్‌కు పెద్దగా మద్రాసు తిరిగొచ్చాడు. ఊరి తగవు ఊళ్లోనే తేలాలన్నది ఆయన పట్టుదల. ఆ కమిషన్ పనిలోంచే 1816 నాటి రెగ్యులేషన్లు పుట్టాయి. గ్రామ మునసబుకు చిన్న దావాలు విచారించే అధికారం వచ్చింది, పంచాయతీకి చట్టంలో చోటు దొరికింది. అదే ఏడాది 12వ రెగ్యులేషన్ అచ్చంగా గట్టు తగాదాల కోసమే వచ్చింది. హద్దు ఎక్కడో తేలకపోవడం వల్ల నేల మీదో పంట మీదో హక్కు తేలని కేసుల్ని కలెక్టరు పంచాయతీకి పంపి తీర్పు చెప్పించవచ్చు. కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ చట్టం కట్టిన పంచాయతీల గడప తొక్కినవాళ్లు తక్కువే. జనం కోర్టులకే అలవాటు పడ్డారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

అసలు మార్పు గొలుసుతో వచ్చింది.

మద్రాసు సర్వే శాఖ 1858లో ఏర్పడింది. హద్దురాళ్లు పాతించి కాపాడటానికి 1860లో చట్టం వచ్చింది. ఆంధ్ర జిల్లాల్లో ఇప్పటికీ పొలం సెంట్లలో చెప్పుకోవడానికి మూలం ఆ సర్వేవాళ్లు వాడిన గొలుసే. దాని పొడవు 66 అడుగులు, అందులో లింకులు వంద. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉన్న చెక్క పది సెంట్లు. అలాంటి చెక్కలు పది కలిస్తే ఎకరం. హైదరాబాదు రాజ్యంలో దివాను సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో బొంబాయి పద్ధతి సర్వే వచ్చింది. అక్కడి గొలుసు 33 అడుగులు, అందులో భాగాలు పదహారు అణాలు. ఆ గొలుసు చదరమే గుంట, అంటే 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. అటు సెంటు, ఇటు గుంట అని తెలుగువాళ్లు రెండు లెక్కలు చెప్పుకోవడం వెనక ఉన్నది ఈ రెండు గొలుసుల తేడా.

కొలిచినదాన్ని అటు ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్)లో, ఇటు టిప్పన్ అనే కొలతల పటంలో గీశారు. సర్వేయరు పొలానికి అడ్డంగా ఒక మూల నుంచి మరో మూలకు గీత పట్టి, ఆ గీత మీద ఎన్ని లింకుల దగ్గర పక్కకు ఎన్ని లింకులు వెళితే గట్టు వంపు తగులుతుందో రాసుకుంటాడు. వందేళ్ల తర్వాత ఇంకో సర్వేయరు అదే పటం పట్టుకుని అవే లింకులు లెక్కపెడితే మాయమైన హద్దు మళ్లీ దొరకాలి. చెప్పుకోవడానికి సులువే. పొలంలో దిగితే తెలుస్తుంది కష్టం. ముందు నమ్మదగ్గ పాతరాయి ఒకటి దొరకాలి. అది మూడు పొలాల అవతల తుమ్మచెట్టు మొదట్లో సగం కూరుకుపోయి ఉంటుంది. అక్కడి నుంచి గొలుసు పరుచుకుంటూ రావాలి. తలారి ఒక కొస పట్టుకుంటాడు, అవతలి కొస సర్వేయరు మనిషి చేతిలో. ఇద్దరు రైతులూ, వాళ్ల వెనక బావమరుదులూ గొలుసు ఎక్కడ సడలిందో కళ్లార్పకుండా చూస్తుంటారు. వాడి వాడి సాగిన గొలుసైతే ప్రతి కొలతా కాస్త తక్కువే చూపిస్తుంది.

గట్టు ఒక్కరాత్రిలో జరగదు. దుక్కి దున్నినప్పుడల్లా నాగలి నాలుగు వేళ్లు అటు ఒరుగుతుంది, పార పట్టినప్పుడు గట్టు ఒక పక్క నుంచి సన్నబడుతుంది. పది గొలుసుల పొడవు, అంటే 660 అడుగులు, ఉన్న గట్టు ఒక్క అడుగు జరిగితే పోయేది సుమారు ఒకటిన్నర సెంటు. ఆ సెంటున్నర కోసమే అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లున్నాయి. ప్రభుత్వం పాతించిన హద్దురాయిని పీకినా జరిపినా 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 434వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడేవి. రాయికి కాపలా మాత్రం ఆ సెక్షన్ పెట్టలేకపోయింది.

ఇళ్ల మధ్య తగవులది ఇంకో దారి. చూరు నీళ్లు ఎవరి దొడ్లో పడాలి, ఉమ్మడి గోడ మీద ఎవరు దూలం ఆనించవచ్చు, కిటికీకి ఎదురుగా గోడ లేపవచ్చా, దొడ్డిదారిన నడిచే హక్కు ఎన్నాళ్లకు స్థిరపడుతుంది? ఈ గొడవలకు 1882లో ఈజ్‌మెంట్స్ చట్టం వచ్చింది. అది తొలుత అమలైన కొద్ది ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి. వెలుగైనా, గాలైనా, దారైనా ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా అనుభవిస్తే అది హక్కవుతుందన్నది అందులోని నియమం. ఇరవై ఏళ్లుగా ఆ దారిన ఎవరు నడిచారో చెప్పాల్సింది మళ్లీ ఇరుగుపొరుగే.

ఈ లెక్కలన్నిటికీ ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. కోస్తా, సీమల్లో కరణం, తెలంగాణలో పట్వారీ. ఎవరి తాత ఎవరికి ఎంత అమ్మాడో, ఏ సర్వే నంబరు ఎన్ని ముక్కలైందో అతనికి కంఠతా. ఆ తెలివితోనే గట్టు కలిపినవాళ్లున్నారు, చిచ్చు పెట్టినవాళ్లూ ఉన్నారు. 1984లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న ఆ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. ఊరి మీద కరణం పెత్తనం పోయింది. దాంతోపాటు నేల గురించి తరతరాలుగా పోగైన జ్ఞాపకమూ చాలావరకు పోయింది. తర్వాత వచ్చిన ఉద్యోగి చేతిలో పుస్తకం ఉంది, అందులో లేని సంగతి ఎవరినడగాలో అతనికి తెలియదు. తెలంగాణ 2020లో గ్రామ రెవెన్యూ అధికారులనూ (వీఆర్వోలనూ) తీసేసి భూమి రికార్డులకు ధరణి పోర్టల్ తెచ్చింది. అందులో ఎవరికి ఎంత విస్తీర్ణమో కనబడేది, ఆ విస్తీర్ణం నేల మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనబడేది కాదు. 2025లో దాని చోటికి భూభారతి చట్టం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే మొదలైంది. గొలుసు పోయి డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి. అయినా ఆ రోవర్ పట్టుకున్న సర్వేయరు పొలంలో దిగేముందు పక్క రైతులకు నోటీసు ఇవ్వాల్సిందే, వాళ్లు గట్టు మీదికొచ్చి హద్దు చూపాల్సిందే. సర్వేకు పునాదిగా ఉన్నది 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమే. దాని ప్రకారం హద్దు నిర్ణయించాక రైతుకు తెలియజేయాలి, నచ్చకపోతే అతను అప్పీలు చేసుకోవచ్చు. సర్వే పూర్తయినట్టు ప్రకటన వెలువడ్డాక కూడా సివిల్ కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల గడువుంది.