కాజ్‌వేకు పైన, కింద

1995లో సూరత్‌లో తాపీ నదికి అడ్డంగా సింగణ్‌పోర్ కాజ్‌వే కట్టాకే నది ఉప్పు తేలిందనీ, మంచినీటి చేప పోయిందనీ రాందేర్ పెద్దలు ఇప్పటికీ అంటారు. మా లింబాయత్ తెలుగువాళ్లలోనూ ఆ మాట నమ్మేవాళ్లున్నారు. ఊరి గురించి రాసినవాళ్లు దాన్నే ఎత్తి రాస్తూ వచ్చారు. నేను ఒప్పుకోను.

సూరత్‌ను రేవుగా నిలిపిందే సముద్రపు పోటు. పెద్ద ఓడలు సువాలీ దగ్గర ఆగిపోతే, సరుకు చిన్న పడవల్లో ఊళ్లోకి వచ్చేది. 1530లో పోర్చుగీసువాళ్లు తగలబెట్టిన రాందేర్ కూడా అలాంటి రేవే. పోటు వచ్చిన చోటికి ఉప్పు రాకుండా ఉంటుందా?

అసలు మార్పు 1972లో ఉకాయ్ డ్యాంతో వచ్చింది. వరద పైన ఆగిపోవడంతో ఉప్పును సముద్రంలోకి తోసే ఉరవడి తగ్గింది. తర్వాత కాజ్‌వే పోటుకు అడ్డం నిలిచి, పైనున్న తాగునీటిని కాపాడింది. అక్కడి మంచినీటి చేపకు అది మేలే చేసింది. పోయింది రెండు నీళ్లూ మెల్లగా కలిసే మేర.

మంచినీటి చేపైన బొచ్చె ఒంట్లో లీటరుకు సుమారు 9, 10 గ్రాముల ఉప్పుకు సరిపడా లవణాలుంటాయి. మంచినీళ్లలో అర గ్రామైనా ఉండదు. అందుకే నీరు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. చేప దాన్ని పలచటి మూత్రంగా వదిలేస్తూ, మొప్పలతో ఉప్పును పట్టుకుంటుంది. బయటి ఉప్పు ఒంటి ఉప్పును మించితే అంతా తలకిందులవుతుంది, ఒంట్లో నీరే బయటికి పోతుంది. పెద్ద చేప కొంత ఓర్చుకుంటుంది. గుడ్డు, పిల్ల ఓర్చుకోలేవు. పులసది వేరే దారి. అది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీళ్లకు ఎదురీదుతుంది, మన గోదావరిలోనైనా, భరూచ్ దగ్గర నర్మదలోనైనా. దానికి అడ్డుగోడ ఎదురైతే ఎటు పోతుంది?

ఆటు సమయంలో కాజ్‌వే మీద నిలబడి చూడండి. పైన గుర్రపు డెక్క పట్టిన నిలవ నీరు. కింద నల్లటి బురద, దాని మీద రెక్కలు ఆనించి గెంతే లెవ్టా అనే బురద చేప, నెత్తిన ఉబికిన రెండు కళ్లు. సూరత్ వంటింట్లో దానికున్న గౌరవం నాకు తెలుసు.

ఇప్పుడు ఇంకా దిగువన రూంఢ్, భాఠాల మధ్య బ్యారేజీ వస్తోంది. ఉప్పు ఆగుతుంది కాబట్టి చేప తిరిగొస్తుందని కొందరు సంబరపడుతున్నారు. బొచ్చెకు చోటు పెరుగుతుంది, నిజమే. లెవ్టా ఆ బురదను పోగొట్టుకుంటుంది. రెండు నీళ్లూ కావలసిన చేపకు గోడ ఇంకా ముందే ఎదురవుతుంది. గేట్లు ఎప్పుడెత్తాలో రాసుకునేటప్పుడు తాగునీటి లెక్కతో పాటు చేప గుడ్లు పెట్టే కాలాన్నీ రాయాలి, చేప ఎక్కే దారి కూడా కట్టాలి.