జిహ్వకో రుచి

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్న సామెతను ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లలకు బోధించాను. మనుషుల మనస్తత్వాలు పలువిధాలన్నదే దాని తాత్పర్యమనీ, జిహ్వ అక్కడ కేవలం పోలిక కోసం వచ్చిందనీ చెప్పేవాణ్ణి. సామెతలోని రెండవ సగం అక్షరాలా సత్యమని నాకు బోధపడేసరికి ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది.

గోదావరి ఒడ్డున మా ఇంట్లో చలికాలం వచ్చిందంటే క్యాబేజీ వరస కట్టేది. అమ్మ సన్నగా తరిగి, ఉడికించి, ఆవ పెట్టేది. నాన్నగారికీ నాకూ ఆ కూరంటే ప్రాణం. నాకన్న రెండేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడికి మాత్రం అది కంచంలో పడితే కళ్ళనీళ్ళే. "చేదు నాన్నా" అనేవాడు. "ఏదిరా చేదు? అన్నయ్య తినటం లేదూ? జిహ్వచాపల్యం కాకపోతే!" అని నాన్నగారు గద్దించేవారు. ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారు. నేను నాన్నగారి పక్షం. మారు వడ్డించుకుని తిని మంచివాణ్ణనిపించుకునేవాణ్ణి. వాడు అబద్ధమాడుతున్నాడని మనస్ఫూర్తిగా నమ్మాను.

సరిగ్గా ఇటువంటి తగవే 1931లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో జరిగింది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడిని సీసాలో పోస్తుండగా కొంత ధూళి గాలిలోకి లేచింది. దీనినే క్లుప్తంగా పీటీసీ అంటారు. పక్కనున్న నోలర్ అనే సహోద్యోగి నోరంతా చేదైపోయిందన్నాడు. పొడికి మరింత దగ్గరగా ఉన్న ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. నాలుక మీద వేసుకుని చూసినా అంతే. నోలర్ మళ్ళీ రుచి చూసి చేదే అన్నాడు. ఇద్దరికీ వాదం పెరిగింది. మా ఇంటికీ ఆ ప్రయోగశాలకూ తేడా ఇక్కడే ఉంది. ఫాక్స్ ఎదుటివాడిని గద్దించలేదు, నలుగురినీ పిలిచి పరీక్షించాడు. కొందరికి చేదు, కొందరికి ఏమీ లేదు. వయస్సుతోగాని, స్త్రీ పురుష భేదంతోగాని దానికి సంబంధం కనిపించలేదు.

ఆ ఏడాది చివర న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన విజ్ఞాన సభలో సుమారు 2,500 మందికి ఆ పొడి రుచి చూపించారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది చేదన్నారు. నాలుగోవంతుకు పైగా రుచే లేదన్నారు. ఆల్బర్ట్ బ్లేక్స్లీ, లారెన్స్ స్నైడర్ అనే పండితులు కుటుంబాలకు కుటుంబాలనే పరీక్షించి, ఇది వంశపారంపర్యంగా సంక్రమించే లక్షణమని తేల్చారు. చేదు తెలియకపోవటం అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా సంక్రమిస్తేనే అది బయటపడుతుంది. చేదు తెలియటానికి ఒక్క పక్క నుంచి వస్తే చాలు. 1939లో ఫిషర్, ఫోర్డ్, హక్స్లీ అనే ముగ్గురు ఉద్దండులు జంతుప్రదర్శనశాలల్లోని చింపాంజీలకు సైతం ఈ పరీక్ష పెట్టారు. వాటిలోనూ చేదు తెలిసినవీ తెలియనివీ ఉన్నాయి.

ఆ లక్షణానికి మూలమైన జన్యువు దొరకటానికి మాత్రం డెబ్బై ఏళ్ళు పైన పట్టింది. 2003లో డెన్నిస్ డ్రేనా బృందం ఏడవ క్రోమోజోము మీద దానిని గుర్తించింది. పేరు టీఏఎస్2ఆర్38. నాలుక మీద చేదును పట్టే ఒక గ్రాహకాన్ని తయారుచేయటం దాని పని. ఆ గ్రాహకంలో మూడు చోట్ల ఆమైనో ఆమ్లాలు మారితే పీటీసీ చేదు దాదాపుగా తెలియదు. మా వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే మూడు వర్ణాలకు ఆదేశం వచ్చి పదానికి అర్థమే మారిపోయిందన్నమాట.

పీటీసీ మనం తినే పదార్థం కాదు కదా, దానితో మనకేం పని అని మిత్రులు అడగవచ్చు. దానిని పోలిన రసాయనాలు క్యాబేజీ, ముల్లంగి, ఆవాల కుటుంబంలో ఉన్నాయి. ఆ గ్రాహకం వాటినీ పట్టుకుంటుంది. అయితే మనిషికి చేదు గ్రాహకాల జన్యువులు సుమారు పాతిక ఉన్నాయి. కాకరకాయ చేదు వేరు, క్వినైన్ చేదు వేరు. పీటీసీ తెలియనివాడికి వేపపువ్వు చేదు నిక్షేపంగా తెలుస్తుంది. అందుకే ఉగాది పచ్చడి తిని ముఖం చిట్లించిన నేను, తమ్ముడి క్యాబేజీ చేదును నమ్మలేకపోయాను. నా నాలుకే లోకానికంతటికీ తూనికరాయి అనుకున్నాను.

నేను పనిచేసిన బడిలో జీవశాస్త్రం మాస్టారు ఒకరోజు పీటీసీ పూసిన కాగితం ముక్కలు తెచ్చి మా అందరికీ ఇచ్చారు. పక్కనున్న హిందీ పండితులు గబగబా కుళాయి దగ్గరకు పరుగెత్తారు. నాకు ఉత్త కాగితం నమిలినట్లే ఉంది. అప్పుడు అందరితోపాటు నవ్వి ఊరుకున్నాను. తమ్ముడు జ్ఞాపకం రాలేదు.

వాడు 2014లో గుండెపోటుతో పోయాడు. యాభై ఒక్క ఏళ్ళు. పెళ్ళయి తన ఇల్లు తనకు ఏర్పడ్డాక ఆకుకూర, కాయగూర అన్నవాటి జోలికే పోలేదు. పప్పు, ఆవకాయ, అప్పడం, పెరుగు, అంతే. ఆ తరువాతనే నేను ఈ విషయాలు వెదికి చదవటం మొదలుపెట్టాను.

2019లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం వారు గుండెజబ్బు ప్రమాదం ఉన్న 175 మందిని పరిశీలించారు. చేదు తెలిసే జన్యురూపం ఉన్నవారు కూరగాయలు తక్కువగా తినేవారి జాబితాలో చేరే అవకాశం రెండున్నర రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. ఆ చేదును కప్పిపుచ్చుకోవటానికి ఉప్పూ చక్కెరా ఎక్కువ తింటారేమోనన్న వారి ఊహ మాత్రం నిలబడలేదు. 1948లో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ హృదయ పరిశోధనలో పాల్గొన్నవారిలో 6,230 మంది వివరాలతో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 2022లో మరో పరిశీలన వెలువరించారు. అందులో ఒక్క జన్యువును కాక అయిదు రుచులకూ సంబంధించిన అనేక జన్యువులను లెక్కలోకి తీసుకున్నారు. చేదును ఎక్కువగా గ్రహించే జన్యువులున్నవారు ముడిధాన్యాలను తక్కువగా తింటున్నారు. తీపిని ఎక్కువగా గ్రహించేవారి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తక్కువ వైపు మొగ్గాయి.

ఇవన్నీ సంబంధాలే కాని కారణాలు కావు. ఒక జన్యువు నా తమ్ముణ్ణి తీసుకుపోయిందని నేను అనను. అలా అంటే అది శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. వాడు సిగరెట్లు తాగేవాడు, రక్తపోటు మాత్రలు అశ్రద్ధ చేసేవాడు. పైగా వాడికి ఏ పరీక్షా జరగలేదు. ఆకుకూరలన్నీ క్యాబేజీ కుటుంబానివి కావు. తోటకూరో, బెండకాయో, బీరకాయో వాడి నాలుకకు సరిపడేవేమో. కానీ కంచం ముందు తిన్న దెబ్బ కూరలన్నిటికీ కలిపి గుర్తుండిపోయింది. "నీకు ఏది చేదుగా లేదురా?" అని ఒక్కసారి అడిగి ఉంటే ఎలా ఉండేదో అన్నదే నా చింత. పుట్టుకతో వచ్చిన నాలుకను ఎవరూ మార్చలేరు. వండే తీరును, అడిగే తీరును మార్చవచ్చు.

ఇంతవరకు రాసి, తెలుగు పండితుడికి అలవాటు లేని లెక్క ఒకటి వేసుకున్నాను. ఈ లెక్క ప్రతి ఇంట్లోనూ తు.చ. తప్పకుండా నడవదని శాస్త్రజ్ఞులే అంటారు. అయినా వేశాను. నాకు చేదు తెలియదు, కాబట్టి ఆ అంతర్గత లక్షణం అమ్మ నుంచీ నాన్నగారి నుంచీ కూడా నాకు వచ్చి ఉండాలి. తమ్ముడిది నిజమైన చేదే అయితే, వాడికది ఇద్దరిలో ఒకరి నుంచి రావాలి. ఆవపెట్టిన కూరను అంత ఇష్టంగా తిన్న నాన్నగారు నావంటివారే అయితే, ఇక మిగిలింది అమ్మ.

అమ్మ అందరి భోజనాలూ అయ్యాక తినేది. నాన్నగారు చేయి కడుక్కోవటానికి లేవగానే, తమ్ముడి కంచంలో మిగిలిన కూరను మారుమాట లేకుండా తన గిన్నెలోకి తీసుకునేది. అది కేవలం ప్రేమ అనుకున్నాం. ఆ కూర తనకెలా ఉందో మేమెవరమూ ఆమెను ఎన్నడూ అడగలేదు.