పొగాకు - మెదడులోని తహతహ

సత్తెనపల్లి చుట్టుపట్ల పత్తి, మిరపలదే పైచేయి యైనను, గుంటూరు సీమకు పొగాకు వలనను పేరు వచ్చినది. పొగాకు బోర్డు 1976లో గుంటూరులోనే వెలసినది. పొగాకులోని నికోటినును జర్మను రసాయనికులు 1828లోనే వేరుపరచిరి. అది మనిషి నెట్లు లోబరచుకొనునో తెలియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది.

దారి చూపినది పొగాకుతో నిమిత్తము లేని యొక ప్రయోగము. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఓల్డ్స్, మిల్నర్ అనువారు ఎలుక మెదడున సన్నని విద్యుత్తీగ నమర్చిరి. తీగ గురితప్పి వేరొకచోట దిగినది. అదృష్టమనవలె! విద్యుత్తు తగిలిన మూలకే ఆ ఎలుక మరల మరల పోసాగెను. మీట నొక్కి తామే విద్యుత్తు పొందు వీలు కల్పింపగా, కొన్ని ఎలుకలు గంటకు వేయిమార్లకు మించి నొక్కినవి.

ఈ నాడీమార్గమున డోపమిను అను రసాయనము ముఖ్యమని పిదప తేలినది. నికోటిను దానిని అధికముగా విడుదల చేయించును. డోపమినే సుఖమని తొలుత తలచిరి. అది సుఖముకంటె ‘కావలె’నను తహతహకు మూలమని నేడు పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చుట్ట రుచింపకున్నను చేయి అగ్గిపెట్టెను వెదకుట అందువలననే కాబోలు.