కువైట్‌లో మనోళ్ల టేపురికార్డర్లు

అన్నలారా, 1980లలో రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ వచ్చిన మనోళ్లకు క్యాసెట్టే ఉత్తరం. ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చిన క్యాసెట్టు అది. చదువు రాని అమ్మ కూడా మాట్లాడి పంపేది. అందుకే సెలవుకు పోతూ టేపురికార్డరు మోసుకుపోయేవాళ్లు.

అంగట్లో రెండు సెట్లు వింటే గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది. అది చెవి చేసే మోసం. అట్టపెట్టె మీద వందల వాట్లు పీఎంపీఓ అని వేసేవాళ్లు. అదంతా రెప్పపాటు లెక్క. నిలకడగా వచ్చేది ఆర్‌ఎంఎస్, పదో పరకో! తెలిసిన పెద్దోళ్లు, మేం విన్నంతలో, రెండిటి సౌండూ సమానంగా పెట్టి, ఒకటే క్యాసెట్టు వేసి చూసేవాళ్లు. పాట కాదు, మాట. 'స' అక్షరం మొద్దుబారకూడదు, టేపు బుస మాటను మింగకూడదు, గొంతు సాగితే మోటారు బాగలేనట్టే. ఊళ్లో పిల్లలకు నాయనంటే ఏండ్ల తరబడి ఆ గొంతే గదా.