రొమ్ము క్యాన్సర్: భార్యాభర్తలిద్దరికీ కలిపి కౌన్సెలింగ్ ఎప్పుడు అడగాలి? ఎక్కడ దొరుకుతుంది?

కీమో రోజున ఫైల్ పట్టుకుని క్యూలో నిలబడేది, బిల్లులు కట్టేది, ఆరోగ్యశ్రీ కౌంటర్ చుట్టూ తిరిగేది చాలా ఇళ్లలో భర్తే. అదే మనిషి ఇంటికొచ్చాక భార్యతో ‘నీకేం కాదులే’ అన్న ముక్క తప్ప ఇంకేమీ మాట్లాడడు. భర్త బెంగపెట్టుకుంటాడని ఆమె కూడా నొప్పి సంగతి చెప్పదు. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనే ఇద్దరూ అనుకుంటారు. ఇలా దాచుకుంటే దిగులు, దూరం పెరుగుతాయని క్యాన్సర్ బాధిత దంపతులపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

భారత్‌లో మహిళలకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల కొత్త కేసులు నమోదయ్యాయి.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తారు?

తప్పెవరిదో తేల్చే పంచాయితీ కాదిది. సాధారణంగా వారానికో, రెండు వారాలకో ఒకసారి ఇద్దరినీ గంటసేపు కూర్చోబెడతారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు సలహా ఇవ్వకుండా వినాలి. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. చదవడానికి తేలికే గానీ, ‘ధైర్యంగా ఉండు’ అని అడ్డుపడకుండా ఐదు నిమిషాలు వినడం చాలామందికి కష్టం. ఇంటి పనులు, అప్పులు, పిల్లలకు ఎంతవరకు చెప్పాలి, కీమో రోజుల్లో పుట్టింట్లో ఉండాలా ఇక్కడే ఉండాలా అన్నవన్నీ అక్కడే చర్చకు వస్తాయి.

దాంపత్యం సంగతి

అడగడానికి ఎక్కువమంది మొహమాటపడేది దీని గురించే. రొమ్ము తొలగించాక ఆ మచ్చ చూపించాలంటే ఆమెకు బెరుకు. ముట్టుకుంటే నొప్పెడుతుందేమోనని అతను పక్కకు జరుగుతాడు. ఆమె దాన్ని అయిష్టం అనుకుంటుంది. కౌన్సెలర్ ముందు ఈ రెండు మాటలూ బయటికి రావడమే పెద్ద ఊరట.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు, కలయిక వల్ల సోకదు. కీమో, హార్మోన్ మాత్రల వల్ల యోని పొడిబారడం, కోరిక తగ్గడం మామూలే. దానికి నీటి ఆధారిత లూబ్రికెంట్లు ఉన్నాయి. ఈస్ట్రోజెన్ క్రీములు మాత్రం ఆంకాలజిస్టును అడగకుండా వాడకూడదు. చికిత్స సాగినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు వద్దంటారు కాబట్టి కండోమ్ లేదా కాపర్-టి గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. తర్వాత పిల్లలు కావాలనుకునేవారు అండాలు లేదా పిండాలు భద్రపరిచే విషయాన్ని కీమో మొదలవకముందే అడగాలి. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారిపోవచ్చు.

ఎక్కడ అడగాలి?

హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ముఖ్య కేంద్రాలు. ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటైనా ‘కపుల్ థెరపీ’ అన్న బోర్డు కోసం వెతక్కండి. ‘సైకాలజిస్టు గానీ, మెడికల్ సోషల్ వర్కర్ గానీ మా ఇద్దరితో మాట్లాడాలి, రాసివ్వండి’ అని మీ డాక్టర్నే అడగండి. ఓపీ రద్దీలో ఆయన తనంతట తాను ఈ మాట ఎత్తకపోవచ్చు. బయట క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

అంతవరకు ఆగలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 ఉంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలన్న నియమం లేదు, భర్త కూడా తన దిగులు చెప్పుకోవచ్చు. 

బీమా సంగతి: శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయితే కౌన్సెలింగ్ ఓపీ కిందకు వస్తుంది. మీ పాలసీలో ఓపీడీ కవర్ లేకపోతే క్లెయిమ్ కష్టమే.

భర్త రానంటే ఆమె ఒక్కరే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఉమ్మడి సెషన్లు సరికావు. ఆ విషయం కౌన్సెలర్‌కు విడిగా, ముందే చెప్పాలి. మహిళా హెల్ప్‌లైన్ నంబర్ 181.