రాని ప్రళయాలు – వచ్చిన ప్రళయాలు

ప్రళయం వస్తుందని చెప్పేవారికి మన దేశంలో ఎన్నడూ శ్రోతలు కరువు కాలేదు. వచ్చి పోయిన ప్రళయాలను గురించి చెప్పేవారికి మాత్రం అంత గిరాకీ లేదు. ముందుగా రానివాటి సంగతి చూద్దాం.

1962 ఫిబ్రవరి 3 నుండి 5 వరకు సూర్యచంద్రులు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని మకరరాశిలో చేరారు. కేతువుతో కలిపి ఎనిమిది. ఇదే అష్టగ్రహ కూటమి. లోకం అంతమవుతుందని దేశమంతటా యజ్ఞాలు, జపాలు, భజనలు జరిగినవి. నిజానికి ఈ గ్రహాలు ఒకచోట చేరలేదు. మనకు ఒకే దిక్కున కనిపించినవి, అంతే. వాటిలో శని ఆనాడు భూమికి 160 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నాడు. ఇక కేతువు అసలు వస్తువే కాదు. చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించే బిందువు. బరువే లేనివాడు భూమినెట్లా ముంచగలడో ఎవరూ అడిగినట్లు లేదు. ఆ మూడు రోజులలో నష్టమైనదేదైనా ఉంటే అది నెయ్యి.

పదిహేడేండ్ల తరువాత వచ్చిన భయానికి కొంత ఆధారమున్నది. అమెరికా వారు 1973 మే 14న ఎగురవేసిన స్కైలాబ్ 1979 జూలైలో కూలిపోనున్నదని రేడియో చెప్పినది. దాని బరువు దాదాపు 77 టన్నులు. ఎక్కడ పడేదీ ముందుగా చెప్పలేమని శాస్త్రజ్ఞులే ఒప్పుకొన్నారు. ఆ మాట తెలుగు పల్లెలకు చేరేసరికి లోకమే మునిగిపోతుందన్నంతగా పెరిగిపోయినది. అనంతగిరి, కోదాడ, సూర్యాపేట వైపు పెద్దలను కదిలిస్తే ఆనాటి ముచ్చట్లు ఇప్పటికీ వినవచ్చు. ఎట్లాగూ పోతాం గదా అని కోళ్లనూ మేకలనూ కోసుకొని తిన్నవారున్నారు. గొడ్లను అయినకాడికి అమ్ముకున్నవారున్నారు. ఆ గొడ్లను కొన్నవారెవరో గాని, వారికి మాత్రం లోకం మీద గట్టి నమ్మకమే ఉండి ఉండాలి!

జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడినది. అక్కడి ఎస్పరెన్స్ ఊరి పాలకవర్గం వారు, తమ నేలపై చెత్త వేసినందుకు అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా విధించారు. మన పల్లెలలో కథ అంత సరదాగా ముగియలేదు. జూలై అంటే దుక్కుల కాలం. ఎద్దులను అమ్ముకున్న రైతుకు ప్రళయం రాకపోవడమే కష్టమైనది. అతడు భయపడడం తప్పు కాదు. ఎంత భయపడవలెనో అతనికి ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు. భూమిపై ప్రతిదినమూ పదుల టన్నుల ఉల్కాధూళి రాలుతూనే ఉన్నది. ఆ లెక్కన స్కైలాబ్ బరువు భూమికి ఒకటి రెండు రోజుల కూలిగింజల వంటిది.

మరి నిజంగా వచ్చిన ప్రళయాల ఆనవాళ్లు మన నేలలో ఉన్నవా? అనంతగిరి పరిసరాలలో దొరకవు. దక్షిణాన మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాలు తవ్వే సున్నపురాయి జంతువులు పుట్టకముందటిది. డైనోసార్ల చావుబతుకుల గొడవ దానికి తెలియదు. ఆ సాక్ష్యం కావాలంటే గోదావరి ఒడ్డుకు పోవలెను.

రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, అవతలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు వైపునా నల్లరాయి క్వారీలున్నవి. ఈ రాయి దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల నాటి లావా. పుట్టినది ఇక్కడ కాదు. పడమటి కనుమల వైపు నేల పగుళ్ల నుండి పొంగి, ఆనాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చినదని దాని రసాయన కూర్పును బట్టి తేల్చారు. ఇంచుమించు ఆ కాలంలోనే, పది కిలోమీటర్ల అడ్డుకొలత గల గ్రహశకలమొకటి నేటి మెక్సికో తీరాన పడినది. భూమి మీది జీవజాతులలో నాలుగింట మూడు వంతులు నశించినవి. ఇందులో లావా పాపమెంత, గ్రహశకలం పాపమెంత అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదులాడుకొంటూనే ఉన్నారు. ముద్దాయిలలో ఒకరిని మాత్రం మనం కంకర కొట్టి రోడ్లకు పరుస్తున్నాం.

గ్రహశకలాల విషయంలో కొంత ధైర్యం చెప్పవచ్చు. 2022 సెప్టెంబరు 26న డార్ట్ అనే నౌకను డైమార్ఫస్ అనే శకలానికి గుద్దించి, దాని ప్రదక్షిణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించారు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే శకలం భూమికి 32,000 కిలోమీటర్ల దాపున పోనున్నది. అది శుక్రవారం కూడాను. కాని వచ్చే నూరేండ్లలో అది భూమిని తాకదని 2021లోనే లెక్క తేలినది. అగ్నిపర్వతాలను గుద్ది పక్కకు జరపడం కుదరదు. అందుకే రెండవ సాక్ష్యం ముఖ్యమైనది.

నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురమనే ఊరున్నది. పేరు చూచి ఎవరో తెలిసే పెట్టారనిపిస్తుంది. ఆ ఊరి నేలలో తెల్లని బూడిద పొర ఒకటి ఉన్నది. అది సుమారు 74,000 సంవత్సరాల క్రితం, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరాన, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడినది. ఆ పేలుడు మిగిల్చిన గుంటలో నేడున్న సరస్సు పొడవు నూరు కిలోమీటర్లు. జ్వాలాపురంలో నేరుగా రాలిన బూడిద కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల పడినదానిని వానలు లోయలోకి కొట్టుకురాగా కొన్నిచోట్ల అది రెండు మీటర్లు దాటినది. శుభ్రపరిచే పొడులలో కలపడానికి దానిని తవ్వి అమ్మినారు కూడా.

ఈ పేలుడు వలన మానవజాతి కొద్దివేల మందికి తగ్గి, అంతరించే దాకా వచ్చినదని ఒక వాదమున్నది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా ప్రభృతులు జ్వాలాపురంలో తవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికినవి, పైనా దొరికినవి. రెండూ చాలావరకు ఒకే తీరువి. ఆకాశం మసకబారి, నీళ్లు బూడిదమయమై, చెట్టూచేమా మాడిన తరువాత కూడా, అదే పనితనం తెలిసినవారు ఆ లోయకే వచ్చి, ఆ బూడిద మీదనే కూర్చొని మళ్లీ రాళ్లు చెక్కుకున్నారు. నడుమ వారేమి తిన్నదీ, ఎందరు పోయినదీ ఆ రాళ్లు చెప్పవు.