ఘరియల్: ఇసుకతిన్నెల మొసలి

ఘరియల్ ఉత్తర భారతం, నేపాల్ నదుల్లో బతికే సన్నమూతి మొసలి. నూరుకు పైగా పదునైన పళ్లున్న ఆ పొడవాటి మూతి చేపలు పట్టడానికే పుట్టినట్టుంటుంది. ఎదిగిన మగదాని ముక్కు కొసన చిన్న కుండలాంటి బొడిపె ఉంటుంది. పేరు దాన్నుంచే వచ్చింది. హిందీలో ఘడా అంటే కుండ.

ఒకప్పుడు సింధు, గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల్లో తిరిగిన ఈ జాతికి నేడు చంబల్ నదే పెద్ద దిక్కు.

పెద్ద ఘరియల్ నేలమీద ఒళ్లెత్తి నడవలేదు, పొట్టతో జరుగుతుంది. అందుకే నీటి అంచున ఉన్న ఇసుకతిన్నే దానికి పురిటిల్లు, ఎండ కాచుకునే చోటు. లారీలకొద్దీ ఇసుక తరలిపోతే గుడ్లు పెట్టే చోటే ఉండదు. ఆనకట్టలు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. నైలాన్ వలలో మూతి చిక్కితే పైకి తేలి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది. 2007-08 చలికాలంలో చంబల్‌లో నూరుకు పైగా ఘరియల్‌లు మరణించాయి. పరీక్షించిన కళేబరాల్లో మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి. గుండె పిండేసిన విషాదమది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. 1975లో మొదలైన మొసళ్ల పథకం కింద తిన్నెల నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచి నదుల్లో వదిలారు. ఆ పనిలో శిక్షణనిచ్చిన కేంద్ర సంస్థ హైదరాబాద్‌లోనే ఉండేది. అయితే నదిని బతికించకుండా పిల్లల్ని వదిలితే ఫలితం నిలవదు. ఒడిశాలోని సత్కోసియా దగ్గర మహానదిలో 1970లలోనే ఘరియల్‌లను వదలడం మొదలైనా, దశాబ్దాల తర్వాత 2021లో గాని అక్కడ సహజంగా పుట్టిన పిల్లలు కనిపించలేదు.